తపాలు వచ్చిందా, వచ్చాయా? ఆఫీసు కాగితానికి మన దగ్గరున్న పేరు

మొన్న ఈ తెలుగు భాష గుంపులో అనువాదం పని చేసే ఒక అమ్మాయి అడిగింది. ఏదో ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తెస్తోందట, బయటి నుంచి వచ్చే ఉత్తరాలు, అర్జీలు, మెమోలు అన్నీ వచ్చి పడే చోటుకి ఏం పేరు పెట్టాలో తెలియడం లేదట. జవాబులన్నీ చదివాను. "ఆగత లేఖలు" అన్నారు ఒకరు, "స్వీకృత ఉత్తరప్రత్యుత్తరాలు" అన్నారు ఇంకొకరు, ఈ బాధంతా ఎందుకు, "ఇన్‌వర్డు" అనే ఉంచెయ్యండి అన్నారు మరొకరు. తపాలు అన్న మాట ఒక్కరికీ గుర్తు రాలేదు. నాకు నిజంగా కష్టమనిపించింది. రెవెన్యూ ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళకు దగ్గరగా పనిచేశాను, మొదటి మూడేళ్ళూ తపాలు సీటులోనే కూర్చున్నాను, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

బయట తపాలు అంటే పోస్టు. తపాలా శాఖ, తపాలా బిళ్ళ అందరికీ తెలిసినవే. ఆఫీసు గుమ్మం దాటి లోపలికి వచ్చాక ఆ మాటకి అర్థం మారిపోతుంది. కాగితం పోస్టులో వచ్చిందా, రైతు చేతికి ఇచ్చి వెళ్ళాడా, పై ఆఫీసు నుంచి జవాను పట్టుకొచ్చాడా అన్నదానితో పని లేదు. ఆఫీసుకి చేరింది, ఇంకా ఏ సెక్షనుకీ చెందలేదు, అధికారి కళ్ళబడాలి. అలాంటి కాగితం తపాలు.

పొద్దున రాగానే కవర్లు చింపేవాళ్ళం. ప్రతి కాగితం మీదా తేదీ ముద్ర కొట్టాలి. "రహస్యం" అని రాసి ఉన్నవీ, అధికారి సొంత పేరు మీద వచ్చినవీ మనం చింపకూడదు, అవి అలాగే లోపలికి వెళ్ళాలి. లోపల బ్యాంకు డీడీ కానీ చెక్కు కానీ ఉంటే దాన్ని వేరే రిజిస్టరులో ఎక్కించాలి, లేకపోతే తర్వాత మన మెడకి చుట్టుకుంటుంది. ఇవన్నీ ప్యాడులో, అంటే కాగితాలు పెట్టే అట్టల మధ్య, సర్ది లోపలికి పంపితే, అధికారి ఒక్కొక్కటే చూసి, మూలన ఇనీషియల్ పెట్టి ఏ సెక్షనుకి వెళ్ళాలో రాస్తారు. అది బయటికి వచ్చాక డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో నంబరు పడుతుంది, జనవరి 1న ఒకటితో మొదలై డిసెంబరు దాకా సాగే వరస నంబరు. నంబరు పడ్డాక దాన్ని ఎవరూ తపాలు అనరు. అది "కరెంటు" అయింది. గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుని, నోటు రాసి పుటప్ చేస్తే, అంటే అధికారి ముందు పెడితే, ఫైలు. పని ముగిస్తే డిస్పోజల్, క్లుప్తంగా డిస్, అది కూడా ఎల్.డిస్ అయితే ఏడాది ఉంచుతారు, డి.డిస్ అయితే పదేళ్ళు, ఆర్.డిస్ అయితే ఎప్పటికీ ఉంచాలి. మద్రాసు పాలన నాటి జిల్లా కార్యాలయాల మాన్యువల్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. తమిళనాడు తాలూకా ఆఫీసులో వాళ్ళకి కూడా ఈ డిస్‌లు చెప్పగానే అర్థమవుతాయి.

ఇప్పుడు "ఆగత లేఖ" చూడండి. వచ్చిన ఉత్తరం, అంతే. అధికారి ఇంకా చూడలేదు, ఇంకా నంబరు పడలేదు అన్న అసలు సంగతి అందులో లేదు. పైగా లేఖ అంటే ఒకరు ఇంకొకరికి రాసింది. మా ప్యాడులో కోర్టు నోటీసు ఉండేది, సర్వేయరు గీసిన నక్షా ఉండేది, వేలిముద్ర వేసిన తెల్లకాగితం ఉండేది. ఇవన్నీ లేఖలు ఎలా అవుతాయి?

ఇక ఈ గుంపుకి ఇష్టమైన వ్యాకరణం సంగతి. తపాలు వచ్చింది అనాలా, వచ్చాయి అనాలా? మా ఆఫీసులో రెండూ వినేదాన్ని. అటెండరు "తపాలు వచ్చిందమ్మా" అనేవాడు, సూపరింటెండెంటు గారు "తపాళ్ళన్నీ లోపలికి వెళ్ళాయా?" అనేవారు. ఇద్దరూ తప్పు మాట్లాడలేదు. మరాఠీలో టపాల్, తమిళంలో తపాల్. అలా హల్లుతో ముగిసే పరాయి మాటకి చివర ఉకారం చేర్చడం మన అలవాటు కదా, ఫైలు, స్కూలు, వకీలు అన్నట్టే తపాలు. కాబట్టి అది ఏకవచనం. బహువచనం కావాలంటే ఫైళ్ళు, వకీళ్ళు లాగా తపాళ్ళు. కానీ వినడానికి చివర "లు" ఉంది. ఆవాలు, పెసలు, పాలు, వడ్లు, ఇలా ఎప్పుడూ బహువచనంలోనే ఉండే మాటలకి అలవాటు పడ్డ చెవికి తపాలు కూడా అదే జాతిదిగా తోస్తుంది.

ఇది నా ఊహ మాత్రమే అనుకోకండి. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువులో ఈ మాటకి ఒక పద్దు ఉంది. ఉత్తరాదిలో డాక్ అనే దానికి దక్షిణాదిలో ఇదీ మాట అని చెప్పి, సి.పి. బ్రౌన్ గారి మాట ఒకటి అందులో చేర్చారు. 18వ శతాబ్దం చివర కొన్ని రాతల్లో ఇది "టప్పా" అని కనిపిస్తుందట. తపాలు అన్నదాన్ని బహువచనం అనుకుని, దానికి ఏకవచనంగా తెలుగు గుమాస్తాలే టప్పా అని రాసేవారని బ్రౌన్ గారి వివరణ. అది మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. రెండు వందల ఏళ్ళ కిందట ఎవరో ఒక తెలుగు గుమాస్తా, నాలాగే కాగితాల కట్ట ముందు కూర్చుని, ఒక్క కాగితాన్ని ఏమనాలా అని ఆలోచించి "లు" తీసేశాడు. అతని పేరు ఎక్కడా లేదు, అతను చేసిన మాట మాత్రం నిఘంటువుకి ఎక్కింది.

అయితే బ్రౌన్ గారి వివరణని నేను పూర్తిగా ఒప్పుకోను. ఆయన చూసింది మద్రాసు వైపు రాతల్ని. హైదరాబాదు సంస్థానంలో టప్పా అన్నది ఎవరో పొరబడి చేసిన మాట కాదు, ఉర్దూ నుంచి నేరుగా వచ్చిన మాట. పోస్టాఫీసుని టప్పాఖానా అనేవారు. 1869 నుంచే నిజాం ప్రభుత్వానికి సొంత తపాలా బిళ్ళలు కూడా ఉన్నాయి. మా అత్తగారిది నల్గొండ వైపు, ఆవిడ "టప్పా వచ్చిందా" అనేవారు, ఆవిడ నోట తపాలు అన్న మాట నేనెప్పుడూ వినలేదు. హిందీ, ఉర్దూల్లో టప్పా అంటే గెంతు, ఒక విడతలో నడిచే దూరం. వార్త మోసే మనిషి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరుగెత్తి, అక్కడ మరొకరి చేతికి సంచి అందిస్తాడు, ఆ మధ్య దూరం టప్పా. అంటే టప్పా (ఇప్పటి టపా), తపాలు అనే రెండు రూపాలూ రెండు దారుల్లో వచ్చి మన దగ్గర కలిశాయని నా అభిప్రాయం. తర్వాత 2000ల మధ్యలో తెలుగులో బ్లాగులు రాసేవాళ్ళు తమ రాతకి టపా అనే పేరే తీసుకున్నారు, చక్కగా అతికింది.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. మనిషి పోయాడని చెప్పడానికి "టపా కట్టేశాడు" అంటాం. సంచి మూతి కట్టి పంపేశాక అందులోని ఉత్తరం మళ్ళీ మన చేతికి రాదు. నాకు ఆ పోలిక అలాగే కనిపిస్తుంది.

"ఇది కూడా అరువు మాటే కదా, అచ్చ తెలుగులో లేదా" అని కింద ఒకరు అడిగారు. ఉంది, అంచె. అర్థం కూడా సరిగ్గా అదే, మజిలీ. కన్నడం వాళ్ళు ఈ రోజుకీ పోస్టుని అంచె అనే అంటారు, పోస్టాఫీసు వాళ్ళకి అంచె కచేరి. తమిళంలో తపాల్ తీసేసి అంజల్ అని ప్రభుత్వ బోర్డుల మీద రాసుకున్నారు. మనకి మాత్రం ఆ మాట "అంచెలంచెలుగా"లో మిగిలిపోయింది. దాన్ని మళ్ళీ ఆఫీసులోకి తెస్తే నాకు సంతోషమే, కానీ వాడుకలో బతికి ఉన్న మాటని పక్కన పెట్టి తెస్తే అది కూడా ఆగత లేఖలాగే కాగితం మీద ఉండిపోతుంది. తపాలుని ఇప్పటికీ సెక్రటేరియట్ నుంచి మండలం ఆఫీసు దాకా నోటితో అంటున్నారు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో దీన్నే డాక్ అంటారు. వాళ్ళ ఆఫీసు పద్ధతుల మాన్యువల్‌లో డాక్‌కి చెప్పిన అర్థం కూడా ఇదే, పోస్టులో వచ్చినా ఇంకెలా వచ్చినా సరే, ఆఫీసుకి అందిన ప్రతి రాతా.

ఇంత చెప్పాక, ఈ మాట వల్ల జరిగిన ఒక నష్టం కూడా చెప్పకపోతే అన్యాయం. నేను చేరిన రెండో ఏడు, ఎండాకాలం. పాసుపుస్తకంలో పేరు మార్పు కోసం ఒక పెద్దాయన అర్జీ ఇచ్చి వెళ్ళాడు. వారం తర్వాత వచ్చి అడిగితే, అధికారి క్యాంపులో ఉండి ప్యాడు చూడలేదు, మా కుర్రాడు "తాతా, నీ కాగితం ఇంకా తపాలులోనే ఉంది" అన్నాడు. సరే నాయనా అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి చెమటలు కారుతూ తిరిగి వచ్చాడు. తపాలులో ఉంది అన్నారు కదా అని ఊరి చివర పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి, అక్కడ లేదంటే మళ్ళీ నడిచి వచ్చాడు. తప్పు ఆ కుర్రాడిది కాదు, మా అందరికీ ఆ మాట అంత అలవాటైపోయింది. పక్క సీటులోనే ఉన్నాను, విన్నాను, ఒక్క మాట విడమరిచి చెబుదామని నాకూ తోచలేదు. ఆ రోజు నుంచి అర్జీదారుతో "అయ్యగారు ఇంకా చూడలేదు, ఫలానా రోజు రండి, నంబరు ఇస్తాను" అనే చెప్పేదాన్ని.

ఇప్పుడు కంప్యూటరులోనే ఫైళ్ళు నడిపే ఈ-ఆఫీసు వచ్చాక ఇంకో చిక్కు వచ్చింది, దీని గురించి ఎవరూ రాయడం లేదు. అందులో లోపలికి వచ్చిన కాగితాన్ని "రిసీట్" అంటారు. స్కాన్ చేసి ఎక్కిస్తే "రిసీట్ అయింది" అంటారు సిబ్బంది. మన జనానికి రశీదు అంటే ముట్టినట్టు మన చేతికి ఇచ్చే చీటీ. జనం దగ్గర అర్జీలు తీసుకునే సోమవారం ప్రజావాణిలో ఒకామె "రశీదు ఇయ్యండి సారూ" అని అడుగుతుంటే, అవతలి వ్యక్తి "రిసీట్ అయిందమ్మా, వెళ్ళు" అనడం నేను కళ్ళారా చూశాను. ఆమె చెయ్యి చాపి అలాగే నిలబడింది. ఒకే మాట, ఒకరికి కంప్యూటరులో ఉన్న కాగితం, ఇంకొకరికి చేతిలో ఉండాల్సిన కాగితం. తపాలు అని ఉంటే ఈ గందరగోళం వచ్చేది కాదు.

కాబట్టి అమ్మాయ్, నా సలహా ఇది. ఆఫీసు లోపలివాళ్ళకి కనిపించే చోట "తపాలు" అనే పెట్టు, ఏకవచనంగానే, "తపాలు 14" అని అంకె పక్కన వేస్తే సరిపోతుంది, ళ్ళు అక్కర్లేదు. పక్కనే "చూడనివి", "నంబరు వేసినవి" అని రెండు భాగాలు చెయ్యి. అర్జీ ఇచ్చినవాళ్ళ ఫోనుకి వెళ్ళే మెసేజీలో మాత్రం తపాలూ వద్దు, రిసీటూ వద్దు. "మీ అర్జీ ఫలానా తేదీన అందింది. అధికారి ఇంకా చూడలేదు. చూడగానే నంబరు పంపుతాం" అని రాయి. "రశీదు" అన్న మాటని వాళ్ళ చేతికి ఇచ్చే చీటీ కోసమే ఉంచు, ఇంక దేనికీ వాడకు.

తెలంగాణ వైపు ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ దగ్గర పాతవాళ్ళు ఈ ప్యాడుని ఏమనేవారో, నంబరు పడని కాగితానికి వేరే పేరేమైనా ఉండేదో కింద రాయండి. మిసల్ (ఫైలు), దరఖాస్తు నేను విన్నాను, ఇంకా ఉండి ఉండాలి.