అమరోనే వైన్‌కు గోంగూర మటన్ కుదురుతుందా?

సాగర్‌రోడ్డు_మామ, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. మా అల్లుడు ఇటలీలో ఉంటాడు. మొన్న వచ్చినప్పుడు ఒక రెడ్ వైన్ సీసా ఇచ్చిపోయాడు. మీద ‘అమరోనే డెల్లా వాల్పోలిచెల్లా, 2018’ అని ఉంది, ఆల్కహాల్ 16 శాతమట. ధర అడిగితే నవ్వాడే తప్ప చెప్పలేదు. అంటే బాగానే పెట్టి ఉంటాడు.

ఆదివారం మా వియ్యంకుడు వస్తున్నాడు (అల్లుడి నాన్న కాదు, కోడలి నాన్న). ఇద్దరం విస్కీ మనుషులం, సీజన్‌లో తాటికల్లు. వైన్ సంగతి పెద్దగా తెలియదు. మా ఇంట్లో దావత్ అంటే గోంగూర వేసిన పొట్టేలు కూర, కారం గట్టిగా, పక్కన పచ్చిపులుసు. అల్లుడేమో ‘కారం తగ్గించండి మామయ్యా’ అన్నాడు. ఎందుకో చెప్పేలోపే ఫ్లైట్ టైమ్ అయింది.

రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదంటారు. మా ఇంట్లో మధ్యాహ్నానికి బిందెలో నీళ్లే కాగుతున్నాయి. ఏం చేయమంటారు? సోడా కలపొచ్చా?

పాలమూరు_పోరడు

సోడా మాత్రం వద్దు మామా, మీ అల్లుడు ఏడుస్తాడు. చికెన్ 65 తెప్పించి కానిచ్చేయండి.

దేవరకొండ_ఆడబిడ్డ

బాబాయ్ గారూ, మాది దేవరకొండ వైపు. ఇప్పుడు వెరోనాలో ఒక చిన్న హోటల్ వంటింట్లో పని చేస్తున్నా. మీ సీసా పుట్టింది ఈ ఊరికి పక్కనున్న కొండల్లోనే, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఈ వైన్‌కు ద్రాక్షను కోసిన వెంటనే పిండరు. కొర్వీనా, కొర్వినోనే, రొండినెల్లా అనే రకాలను సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోసి, గాలి ఆడే అటకల మీద వెదురు తడికల్లోనో ట్రేలలోనో ఒకే వరుసగా పరుస్తారు. మూడు నాలుగు నెలలు అలాగే ఆరనిస్తారు. బరువులో మూడో వంతో అంతకంటే ఎక్కువో తగ్గిపోతుంది. నీరు పోయి తీపి చిక్కబడుతుంది. ఆ తీపి దాదాపు అంతా పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టే మీ సీసా మీద 16 కనిపిస్తోంది. రూల్ ప్రకారం 14కు తగ్గకూడదు, కనీసం రెండేళ్లు నిల్వ ఉంచాకే అమ్మాలి. వాసన చూస్తే ఎండు చెర్రీ, చాక్లెట్ తగులుతాయి. తీపి వైనే అనుకుంటారు, తీరా మింగాక చివర్లో చిన్న చేదు.

ఇక కారం. మిరపకాయ నోట్లో ఏ నరాలను మండిస్తుందో, ఆల్కహాల్ కూడా వాటినే రెచ్చగొడుతుంది. బీరుతోనైతే అంత తెలియదు. 16 శాతం వైన్ మీద మన గుంటూరు కారం పడితే నోరు మండడం తప్ప వైన్ రుచి ఏమీ అందదు. గోంగూరది వేరే గొడవ. అంత పులుపు తిన్నాక ఏ వైన్‌లోనైనా పులుపు తెలియకుండా పోతుంది. గోంగూర తర్వాత అమరోనే జావలా చప్పగా ఉంటుంది. పచ్చిపులుసుదీ ఇదే కథ.

ఇక్కడి వాళ్లు దీనితో తినేది మంట తగ్గించి గంటలకొద్దీ ఉడికించిన మాంసం. పాతకాలం వెరోనా వంటకమైతే గుర్రం మాంసం కూర, పస్తిస్సాద అంటారు. (నేను వండుతాను, తినను.) పాతబడిన మోంటె వెరొనేసే చీజ్ కూడా పెట్టుకుంటారు. బియ్యాన్ని ఇదే వైన్ పోసి వండి రిసోట్టో చేస్తారు, అన్నం వంకాయ రంగులోకి వస్తుంది. బియ్యం మిల్లుల ఊరి వాళ్లకు ఆ అన్నం నచ్చుతుందో లేదో గానీ, మీరు మాత్రం ఈ సీసాను వంటకు వాడొద్దు.

నల్లి బొక్కలు, కొంచెం కొవ్వున్న తొడ మాంసం తీసుకోండి. ఉల్లిగడ్డ ఎక్కువ వేసి బాగా ఎర్రగా వేయించండి. అల్లం వెల్లుల్లి, దాల్చినచెక్క, లవంగం, నాలుగు మిరియాలు, రంగు కోసం అర చెంచా కారం. టమాట, చింతపండు వద్దు. కుక్కర్‌లో కాకుండా గిన్నెలో మూతపెట్టి సన్న మంట మీద బొక్క నుంచి మాంసం ఊడే దాకా ఉంచండి. జొన్నరొట్టెతో తినండి. చప్పటి రొట్టె కాబట్టి వైన్‌కు అడ్డం రాదు.

ఫ్రిజ్‌లో తప్పకుండా పెట్టండి. గది వేడిలో తాగాలని రాసినవాళ్ల గది 18 డిగ్రీలది, మిర్యాలగూడ గది కాదు. గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి, లేదా ఐసు నీళ్ల బకెట్‌లో పావుగంట. తాగడానికి గంట ముందు గాజు జగ్గులో పోస్తే వాసన తెరుచుకుంటుంది. జగ్గును ఫ్రిజ్‌లో పెడితే మూత గట్టిగా ఉండాలి, పక్కన ఎండుచేపలు ఉండకూడదు.

నకిరేకల్_సర్వర్

హైదరాబాద్‌లో ఒక బార్‌లో చేస్తాను. అక్క చెప్పింది నిజమే, కానీ కూర వచ్చే దాకా మామలు ఉత్త గ్లాసులు పట్టుకొని కూర్చోరు కదా. ఎండు మాంసం తునకలు ఉంటే కొంచెం నూనెలో వేయించి పెట్టండి, కారం చల్లకుండా. ఆ ఉప్పుకు వైన్‌లోని వగరు మెత్తబడుతుంది. వేయించిన పల్లీలు కూడా మంచివే. సాగర్ చేపల పులుసు జోలికి పోవద్దు, రెడ్ వైన్‌తో చేప తింటే నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. చికెన్ 65 చెప్పిన తమ్ముడికి దండం.

ఇంకొకటి, విస్కీ లెక్కలో పోయకండి. సీసా మొత్తం 750 మి.లీ., అంటే దాదాపు 280 మి.లీ. విస్కీతో సమానం, నాలుగున్నర లార్జ్ పెగ్గులు దాటుతుంది. స్టీలు గ్లాసులు వద్దు. గాజు గ్లాసులో మూడో వంతు పోస్తే చాలు.

సాగర్‌రోడ్డు_మామ

అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు కొత్త టెన్షన్. ఈ వంట సంగతి చెబితే మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. ‘కారం లేని కూర పెడితే వాళ్ల ఇంట్లో ఏడాది చెప్పుకుంటారు’ అంటోంది. ఆమె అన్నదీ కొట్టెయ్యలేం.

దేవరకొండ_ఆడబిడ్డ

పిన్ని గారి మాట కరెక్టే. రెండూ వండండి. ముందు తునకలు, నల్లి కూర, రొట్టె, వైన్. జగ్గు పక్కకు తీసేశాక గోంగూర మటన్, అన్నం, పచ్చిపులుసు రానివ్వండి, అప్పుడు ఎంత కారమైనా వేసుకోండి. రెండింటినీ ఒకేసారి విస్తరిలో పెడితే వియ్యంకుడి చెయ్యి గోంగూర మీదికే పోతుంది.

మిగిలిన వైన్‌ను కార్క్ బిగించి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు బాగానే ఉంటుంది. కార్క్ ఓపెనర్ ఇవాళే కొనిపెట్టుకోండి. ఆదివారం స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే ముక్కలన్నీ వైన్‌లో పడతాయి.