సగం చెలక, సగం రేగడి: మొత్తం బత్తాయి పెట్టొచ్చా?

ప్రశ్న (నల్లగొండ జిల్లా నుంచి):
అందరికీ నమస్తే. మాకు నాలుగెకరాల చేను ఉంది. పైభాగం ఎర్ర చెలక. కిందికి, కుంట దిక్కు పోయేకొద్దీ నల్ల రేగడి. ఒక్కటే బోరు, నీళ్లు పర్వాలేదు. మొత్తం బత్తాయి పెడదామనుకుంటున్న. నర్సరీ ఆయన నల్లమట్టిలోనే బలం ఎక్కువ, అక్కడే బాగా కాస్తది అంటున్నడు. మా నాయన కింద వద్దంటడు, ఎందుకో చెప్పడు. ఏం చేయాలె?

జవాబు:
నాయన మాటే వినండి తమ్మీ. ఆయన చెప్పని కారణం నేను చెప్తాను.

మన దగ్గర గట్టు మీద ఎర్రమట్టి, పల్లంలో నల్లమట్టి ఉండటం మామూలే. వానకు పై నుంచి సన్నటి బంకమన్ను, సున్నం కొట్టుకొచ్చి పల్లంలో చేరతాయి. ఆ బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. నీళ్లు పట్టి ఉంచుతుంది కాబట్టి పత్తికి, శనగకు, జొన్నకు అదే వరం. కానీ బత్తాయి వేరుకు గాలి కావాలి. నీళ్లు నిలిస్తే వేరుకుళ్లు, చెట్టు మొదలు దగ్గర బంక కారే తెగులు వస్తాయి. సున్నం ఎక్కువైతే భూమిలో ఇనుము ఉన్నా చెట్టుకు అందదు. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అన్నభేది (ఇనుము ఉండే ఉప్పు) నీళ్లలో కలిపి పిచికారీ చేస్తే కొన్నాళ్లు కోలుకుంటుంది, నేల మాత్రం మారదు. తోట అంటే ఇరవై ఏళ్ల మాట, రంగు చూసి పెట్టేది కాదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే పై రెండెకరాల్లో నిశ్చింతగా పెట్టొచ్చా అన్నా?

జవాబు:
అట్లా కూడా అనను. చెలక కింద రెండడుగులకే రాయి తగలొచ్చు. రెండు మూడు చోట్ల మీటరు లోతు గుంత తీయండి. ప్రతి అడుగు మట్టి విడిగా తీసి నీడన ఆరబెట్టి భూసార పరీక్షకు ఇవ్వండి. పైపైన జానెడు మట్టి తీసి ఇవ్వడం పత్తికీ వేరుశనగకూ సరిపోతుంది, తోటకు సరిపోదు. సున్నం సంగతి అక్కడికక్కడే తెలియాలంటే మట్టిగడ్డ మీద బాత్రూం కడిగే యాసిడ్ రెండు చుక్కలు వేయండి, చేతికి తగలకుండా. బుస్సుమని పొంగితే సున్నం ఉన్నట్టే.

ఇంకొకరు:
మొక్క కొనేటప్పుడు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టిందేనా అని గట్టిగా అడగండి. అంటు భాగం మట్టిలో పూడకూడదు. తోట కాపుకొచ్చేదాకా సాళ్ల మధ్య వేరుశనగ, పెసర, అలసంద వేసుకోవచ్చు. మిర్చి, వంగ మాత్రం వద్దు, నులిపురుగులు వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
సరే. మరి కింద రేగడిలో వేరుశనగ వేస్తే?

జవాబు:
వేయొచ్చు, పీకేటప్పుడు ఏడుస్తారు. రేగడి గట్టిపడితే చెట్టు చేతికొస్తుంది, కాయ భూమిలోనే ఉంటుంది. ఆ పంట చెలకకే అందం. కింద వానాకాలం పత్తి, నడుమ కంది సాళ్లు పెట్టండి. నీళ్లు బయటికి పోయేలా కాలువ తప్పనిసరి. లేదా వానాకాలం పెసర తీసి అక్టోబరులో శనగ విత్తండి. మిగిలిన తేమతోనే పండుతుంది, బోరు నీళ్లు పై తోటకు మిగులుతాయి. నా ఓటు దీనికే.

ఇంకొకరు:
కుంట ఎండినప్పుడు పూడిక మట్టి తోలి చెలకలో చల్లండి. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పథకం మొదలైనప్పుడు చాలా మంది తోలుకున్నారు, చెలకకు తేమ ఆగే గుణం వచ్చింది. రేగడికి మాత్రం అక్కర్లేదు. తోలే ముందు ఆ పూడికను కూడా పరీక్షకు ఇవ్వండి. చౌడు ఉంటే చేనంతా అంటించుకున్నట్టవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మంచిది. ఈ వారమే గుంతలు తీయిస్త. రిపోర్టు రాగానే ఇక్కడే పెడత.