మీటర్లో 6.5 కేవీ (కిలోవోల్టులు) ఉంది, గొర్రెలకు మాత్రం షాక్ తగలడం లేదు

ఉదయగిరి మెట్ట:
నాలుగెకరాల చుట్టూ సోలార్ ఫెన్సింగ్. రాతి స్తంభాలు, 2.5 ఎంఎం జీఐ (జింకు పూత ఇనుము) తీగ అయిదు వరసలు (నేల నుంచి 15, 30, 45, 68, 90 సెంటీమీటర్లు), తీగలోకి దెబ్బలు పంపే 1 జౌల్ మిషన్ (జౌల్ అంటే ఒక్కో దెబ్బలోని శక్తి కొలత), 12 వోల్ట్ బ్యాటరీ. లోపల 60 జోడిపి (నెల్లూరు జాతిలో ఒక రకం) గొర్రెలు. నవంబరు వానల్లో తీగ దగ్గరికే వచ్చేవి కావు. ఇప్పుడు నేల ఎండాక అడుగు తీగ కింద నుంచి దూరి పక్క చేలో పడుతున్నాయి. చివరి మూలలో కూడా మీటరు 6.5 చూపిస్తోంది. ఎర్త్ రాడ్డు ఒక్కటే, మూడడుగులది. 2 జౌల్ మిషన్ వేయమంటున్నారు. వేయాలా?

రాళ్లనేల రైతు:
వద్దన్నా. మీటరు మంచిగానే ఉందంటే తీగలో తప్పు లేదు. దెబ్బ తగలాలంటే కరెంటు తీగ నుంచి గొర్రెలోకి, డెక్కల మీదుగా నేలలోకి, నేల నుంచి ఎర్త్ రాడ్డుకి, అక్కడి నుంచి మిషన్‌కి తిరిగి రావాలి. ఎండిన ఎర్రనేల, పైన గులకరాళ్లు, చిన్న డెక్కలు. దారి అక్కడే తెగిపోతోంది. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే, కాబట్టి ఒంటి వైపు అడ్డేమీ లేదు.

ముందు పరీక్ష చేయండి. మిషన్ ఆపి, దానికి కనీసం 100 మీటర్ల అవతల రెండు మూడు ఇనుప కడ్డీలు నేలలో దిగేసి తీగకు ఆనించండి. ఆన్ చేశాక తీగలో వోల్టేజీ 2 కేవీ లోపుకు దిగాలి. అప్పుడు ఎర్త్ రాడ్డుకీ, దానికి మీటరు దూరంలో పాతిన చిన్న మేకుకీ మధ్య కొలవండి. 0.3 కేవీ దాటితే ఎర్త్ చాలదు. కడ్డీలు ఆనించినా వోల్టేజీ దిగకపోతే అది ఇంకా చెడ్డ కబురు: అక్కడ నేలలోకి కరెంటే పోవడం లేదు.

కావలి తీరం:
పై మాటే నాదీ. ఆరడుగుల జీఐ రాడ్లు మూడు, ఒక్కోటి 3 మీటర్ల ఎడంలో, నీళ్ల తొట్టి పొంగి పారే చోట దించండి. ఇంటి ఎర్త్‌కి కనీసం 10 మీటర్లు దూరం. రాడ్డుకి రాగి తీగ చుట్టొద్దు, జీఐ క్లాంపు వాడండి. రాగీ జింకూ కలిసిన చోట తేమ తగిలితే రాడ్డు మీది జింకు పూత తినుకుపోతుంది.

గేటు కింద ఇంటి వైరింగు వైరు వేసి ఉంటే అదీ మార్చాలి. అది 1100 వోల్టులకు చేసింది, ఫెన్సింగ్ అంతకు అయిదారు రెట్లు. లీకు ఎక్కడో తెలియకపోతే మీడియం వేవ్ రేడియో పట్టుకుని కంచె వెంట నడవండి, లీకైన చోట టిక్కుటిక్కు పెరుగుతుంది. మా వైపు సముద్రపు గాలికి ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది, నీళ్లతో కడిగితే చాలు. మీకు ఆ బాధ లేదు, చిల్లకంప రెమ్మలు చూసుకోండి.

ఉదయగిరి మెట్ట:
పరీక్ష చేశాను. మూడు కడ్డీలు ఆనించినా 5.8 దగ్గరే ఆగింది. ఇంకొకటి, వేసవి వరకు మెయిన్ కరెంటు నేరుగా ఇచ్చేయమని ఒకాయన అన్నాడు.

రాళ్లనేల రైతు:
ఆయన మాట వినకండి. మిషన్ సెకనుకు ఒకసారి, లిప్తపాటు కొట్టి వదిలేస్తుంది. మెయిన్ కరెంటు వదలదు, గొర్రెతో పాటు కాపరీ పోతాడు. అది నేరం కూడా.

5.8 అంటే ఆ నేలకు రాడ్లు ఒక్కటే చాలవు. కింద నుంచి రెండో తీగనీ, నాలుగో తీగనీ మిషన్ లైవ్ నుంచి విప్పి, ఎర్త్ టెర్మినల్‌కీ ఆ మూడు రాడ్లకీ కలపండి. 1, 3, 5 లైవ్‌గా ఉంటాయి. గొర్రె తల దూర్చి రెండు తీగలను ఒకేసారి తాకితే నేల ఎలా ఉన్నా దెబ్బ పడుతుంది. కానీ ఇప్పుడు తీగ సడలిందంటే పక్కదానికి తగిలి మొత్తం షార్ట్. స్తంభాల మధ్య దూరం ఎక్కువైతే నడుమ స్పేసర్లు (తీగల మధ్య ఎడం నిలిపే పుల్లలు) పెట్టి, బిగింపు నెలకోసారి చూడండి. అడుగు తీగకు విడిగా కటౌట్ స్విచ్ పెట్టుకోండి, వానాకాలం గడ్డి ముందు దాన్నే పట్టుకుంటుంది.

దూరడం మరిగిన గొర్రెలను రెండు మూడు రోజులు ఇదే వరసల్లో తీగ కట్టిన చిన్న దొడ్డిలో ఉంచి, మూతి తగిలించుకున్నాక బయటికి వదలండి.