సమస్యాపూరణం: "చిత్రమందలి దొర వచ్చి చేయి పట్టె"

నిర్వాహకుడు:
నీలికుంచె గారు పెట్టిన బొమ్మ అందరూ చూశారు కదా. ఓరుగల్లు కీర్తితోరణం, దాని మీది రాతిహంసల్లో ఒకటి రెక్కలు విదిల్చి ఎగిరిపోతోంది, కింద రెక్కల గుర్రం పక్కన రాకుమారుడు, ఎదురుగా విల్లు పట్టిన అమ్మాయి. చరిత్రలో ఉన్న తోరణమూ ఎక్కడా లేని గుర్రమూ ఒకే బొమ్మలో ఇంత హాయిగా ఇమిడిపోవడం నాకు భలే నచ్చింది. చూస్తుండగానే ఈ పాదం తట్టింది. ఇది చివరి పాదంగా పైమూడు పాదాలు మీరు పూరించాలి. బొమ్మలోని దొర వచ్చి చేయి పట్టడమేమిటన్నదే ఇందులో చిక్కు:

చిత్రమందలి దొర వచ్చి చేయి పట్టె

బొమ్మ కింద ఆవిడ రాసిన "మిమ్మల్ని ప్రేమిస్తున్నాను రాకుమారీ" అన్న మాట మీద అప్పుడే గొడవ మొదలైంది. ముందు పద్యాలు పెట్టండి, తర్వాత కొట్లాడుకోవచ్చు.

తాళపత్రం:
కలనుఁ గన్నట్టి వానినిఁ గాంచలేక
కుందుచున్నట్టి యుష కోర్కె గుర్తెఱింగి
చిత్రరేఖ పటము గీసెఁ జెలిమి నెంచి
చిత్రమందలి దొర వచ్చి చేయి పట్టె

బాణాసురుడి కూతురు ఉష కలలో చూసిన అనిరుద్ధుణ్ణి చెలికత్తె చిత్రరేఖ సాయంతో పొందిన కథ, ఉషాపరిణయం, ఉండగా వేరే కథ వెతకడం ఎందుకు? మనసుపడ్డవాడి బొమ్మ గీసి చూపించడం ఇవాళ పుట్టిన విద్య కాదు.

చంపకమాల:
ధార బాగుంది, మూడో పాదం నడక మరీ బాగుంది. కానీ తాళపత్రం గారూ, అనిరుద్ధుడు వచ్చాడా? ద్వారకలో మంచం మీద నిద్రపోతున్నవాణ్ణి చిత్రరేఖ తన యోగశక్తితో శోణపురానికి ఎత్తుకొచ్చింది. "దొర వచ్చి" అన్నచోట మీ కథ సమస్యకి అడ్డం తిరిగింది. సమస్యలో చిక్కు అంతా ఆ "వచ్చి"లోనే ఉంటే దాన్నే మీరు పట్టించుకోలేదు. పైగా ఆ ఘట్టంలో అసలైన సొగసు మీరు ముట్టుకోనేలేదు. చిత్రరేఖ దేవతల్నీ గంధర్వుల్నీ గీస్తూ కృష్ణుడి వృష్ణివంశం దాకా వచ్చి ప్రద్యుమ్నుణ్ణి గీయగానే ఉష సిగ్గుపడుతుంది, ఎందుకంటే అతను అనిరుద్ధుడి తండ్రి, తనకు కాబోయే మామగారు. వలపు గురించి ఒక్క మాట లేకుండా అంతా ఆ సిగ్గులోనే ఉంది.

తాళపత్రం:
మెలకువ వచ్చాక చేయి పట్టినవాడు అనిరుద్ధుడే కదా. వచ్చిన దారి ఏదైనా వచ్చినట్టే. కథల్లో నిజం గురించి మీరు మాట్లాడుతున్నారు కాబట్టి గుర్తు చేస్తున్నా, కిందటిసారి మీ పూరణలో రుద్రమదేవి కాలపు చెలికత్తె మిరపతోటలో దాక్కుంది. మిరప మన నేలకు పోర్చుగీసువాళ్లతో వచ్చిన పంట, గామా ఓడలు మలబారు తీరం చేరింది 1498లో. అప్పటికి రుద్రమ పోయి రెండు వందల ఏళ్లు దాటింది.

చంపకమాల:
ఆ పద్యంలో మిరప తీసేసి మిరియం పెట్టినా గణం చెడదు, అప్పుడే చెప్పాను. ఆ పద్యం అయిపోయింది, ఈ పద్యం సంగతి చూడండి.

రెక్కలగుర్రం:
నవలలో రాజు బొమ్మను నమ్మి గీసి
రెక్కలశ్వంబుపై నుంచి రేయిఁ జూడ
వేషమున్ దాల్చి నాయకుడు విందుఁ జేరి
చిత్రమందలి దొర వచ్చి చేయి పట్టె

ఫ్యాన్ ఆర్ట్ గీసిన అమ్మాయి, అదే పాత్ర వేషం వేసుకుని పార్టీకి వచ్చిన అబ్బాయి. సమస్య ఇంత సులభంగా విడిపోతుందని అనుకోలేదు.

ఏకసంథ:
ఊహ చాలా బాగుంది తమ్ముడూ, మనవాళ్లెవరికీ ఇటువైపు తట్టలేదు. మూడో పాదంలో "నాయకుడు" దగ్గర ఒక లఘువు ఎక్కువైంది. "నేస్తుఁడు" అని మార్చు. గణం కుదరడమే కాదు, అర్థం కూడా పెరుగుతుంది. వచ్చింది నాయకుడైతే విశేషం ఏముంది, ఇన్నాళ్లూ పక్కనే ఉన్న స్నేహితుడు ఆ వేషంలో కనపడి చేయి పట్టడంలోనే ఉంది కథ.

రెక్కలగుర్రం:
మార్చేశాను అన్నా. నిజంగానే ఇప్పుడు పద్యం నాకే కొత్తగా ఉంది.

తాళపత్రం:
"చేరి", "వచ్చి" రెండూ ఎందుకు? వచ్చినవాడు చేరినట్టే కదా. అది కూడా చూసుకో.

ఏకసంథ:
నా పూరణ:

విల్లు పటమున నెక్కిడు వెలఁది చెంత
మాట యొకటైన నాడక మనసుఁ దెలిపి
గుఱినిఁ జూపెడు నెపమునఁ గుట్టు చెడక
చిత్రమందలి దొర వచ్చి చేయి పట్టె

దొరా బొమ్మలోనే ఉన్నాడు, అమ్మాయీ బొమ్మలోనే ఉంది. ఇక అతను బయటికి రావలసిన పనేముంది? ఇంకొకటి నీలికుంచె గారికి చెప్పాలి. మీ బొమ్మ అంత గొప్పగా ఉండి కింద ఆ వాక్యం దగ్గర నీరుగారిపోయింది. చరిత్ర కథల్లో వలపు ఎప్పుడూ ఏదో ఒక నెపం చాటున నడుస్తుంది: దారి అడగడం, గురి చూపించడం, హంసతో కబురంపడం. మనుచరిత్రలో ప్రవరుడు దారి అడిగితే వరూధిని ఏమంది? ఇంతేసి కళ్లుండగా దారి ఎవరినో అడుగుతావేం అంది. ఒక్క దెప్పుడు మాటలో అతని కళ్లు తనకి నచ్చాయని చెప్పేసింది. పైగా అతన్ని బ్రాహ్మణోత్తముడని పిలుస్తూనే క్రియ మాత్రం ఏకవచనంలో వాడింది. మీ రాకుమారుడు "మిమ్మల్ని" అనగానే నాకు తోరణం మాయమై ఆఫీసు కనపడింది.

నీలికుంచె:
మీరు చెప్పింది మనసుకి పట్టింది. "మిమ్మల్ని" అంటే గౌరవంగా ఉంటుందనుకున్నాను, మనం చదివే చారిత్రక నవలల్లో చాలావాటిలో అలాగే మాట్లాడుకుంటారు మరి. కావ్యాల్లో దేవుణ్ణీ రాజునీ కూడా "నీవు" అనే పిలుస్తారన్నది గుర్తుంచుకుంటాను. ఆ వాక్యం తీసేసి "విల్లు అలా కాదు" అని రాస్తాను, మీ పద్యం చదివాక అదే సరైన మాట అనిపించింది.
అమ్మాయి కాళ్లకి ఎత్తుమడమల చెప్పులేమిటని ఇద్దరు ముగ్గురు విడిగా అడిగారు. అది నా కల్పన కాదు. 1213 నాటి రామప్ప గుడిలో ఒక మదనిక శిల్పం పాదాలకు అలాంటివే ఉన్నాయి. నగలు కూడా అక్కడివే చూసి గీశాను. గుర్రానికి రెక్కలు మాత్రం నావి.

తాళపత్రం:
చెప్పుల సంగతి తెలిసి సంతోషించాను. ఏకసంథ పద్యం నిండుగా ఉంది, "గుట్టు చెడక" అన్నది చాలా నచ్చింది. కానీ సమస్యలో వైరుద్ధ్యాన్ని తప్పించుకుపోయాడు. ఇద్దరినీ బొమ్మలోనే పెట్టేస్తే ఇక సమస్య ఎక్కడిది?

చంపకమాల:
అయితే వైరుద్ధ్యాన్ని ఎదురుగా పట్టుకుంటా:

తామరను గీసె రాకన్నె ధాత మెచ్చఁ
గరమొ తామరయో యని కలఁతఁ జెంది
కొలని పువ్వును విడనాడి కోర్కె రేఁగి
చిత్ర మం దలి దొర వచ్చి చేయి పట్టె

చిత్రము! అందు, అలి, దొర వచ్చి చేయి పట్టె. బొమ్మలో దొర ఎవరూ లేరు, అమ్మాయి గీసింది పువ్వు.

రెక్కలగుర్రం:
అక్కా!! మళ్లీ మళ్లీ చదివాను. చిత్రం అంటే ఆశ్చర్యం, అందలిలో తుమ్మెద. ఈ విరుపు ఎలా తట్టింది?

తాళపత్రం:
విరుపు బాగానే ఉంది. కానీ "అలిదొర" వైరిసమాసం. సంస్కృతం ముందు, తెలుగు వెనక. దీన్ని ఒప్పుకుంటే రేపు ప్రతివాడూ ఇదే చేస్తాడు.

ఏకసంథ:
అక్కడ సమాసమే లేదు తాళపత్రం గారూ. "అలి" ఇకారాంత తత్సమం. "కవి", "హరి" లాగా ప్రథమలో అలాగే నిలబడుతుంది, డుమువుల (డు, ము, వు ప్రత్యయాల) పని లేదు. అలి ఒక పదం, దొర ఇంకో పదం. తుమ్మెద దొరలాగా దర్జాగా వచ్చి చేయి పట్టిందని అర్థం. ఆవిడ కూడా విడివిడిగానే రాశారు, మళ్లీ చూడండి.

తాళపత్రం:
విడదీసి చదివితే ఒప్పుకోవాల్సిందే. "అలి" దగ్గర కాస్త ఆగి చదవాలని రాసి ఉంటే ఈ మాట వచ్చేది కాదు. నాలుగు పద్యాల్లో సమస్యని సమస్యగా పట్టుకున్నది చంపకమాల పద్యమే, అందులో నాకు రెండో మాట లేదు. మిరపతోట గురించి మాత్రం నేను అన్నమాట మీదే ఉన్నాను.

చంపకమాల:
మీ నోట ఆ మొదటి మాట వచ్చింది, నాకు అది చాలు. ఆ పాత పద్యం ఇప్పుడే దిద్దాను, మిరియపుతీగ చాటున దాక్కుంది చెలికత్తె. గణాలు చూసి చెప్పండి.

నిర్వాహకుడు:
ఈసారికి చంపకమాల గారి పూరణ పైన పెడుతున్నాను, దాని కిందే ఏకసంథ గారిది. రెక్కలగుర్రం పద్యం "నేస్తుఁడు" సవరణతో ఉంచాను. నీలికుంచె గారూ, తామర గీస్తున్న రాకన్నె, ఆమె చేతి మీద తుమ్మెద... వీలుంటే ఇది గీసి పెట్టండి. వచ్చే సమస్య దాని మీదే ఇస్తాను.