విషయం: ఇక్కడే మొదటి కాన్పు, నొప్పులంటే భయంగా ఉంది

అక్కలందరికీ నమస్తే. మాది నరసన్నపేట. మావారి ఉద్యోగం వల్ల ఈ మధ్యే ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాం. నాకిప్పుడు ఎనిమిదో నెల. అమ్మ వీసా ఇంకా తేలలేదు. నొప్పులు తలుచుకుంటేనే టెన్షన్. మందు తీసుకుంటే బిడ్డకి మంచిది కాదనీ, వెన్నులో సూది వేయించుకుంటే జన్మంతా నడుం నొప్పేననీ అత్తయ్య గారు అంటున్నారు. నిజమేనా?

జవాబు:

చెల్లీ, మాది విజయనగరం. నా పిల్లలిద్దరూ ఈ దేశంలోనే పుట్టారు.

మన వైపు పురుడంటే అమ్మో పెద్దమ్మో పక్కనుండి మొహం చూసే కనిపెట్టేస్తారు. ఇక్కడ మిడ్‌వైఫ్, అంటే కాన్పు చేసే నర్సు, నిన్ను చూడటం బహుశా అదే మొదటిసారి. పళ్ల బిగువున ఊరుకుంటే బాగానే తట్టుకుంటోంది అనుకుంటుంది. నోరు తెరిచి అడుగు తల్లీ, సిగ్గుపడకు.

గర్భసంచి కండరం బిగుసుకుంటూ తన మూతిని కొంచెం కొంచెంగా 10 సెంటీమీటర్ల దాకా తెరుస్తుంది. పొత్తికడుపు, నడుం లాగేది అందుకే. ఒక్కో నొప్పి వచ్చి, పెరిగి, నిమిషం అటూఇటూలో దిగిపోతుంది. మధ్యలో దొరికే విరామంలో ఒళ్లు వదులు చేసుకో.

తొలి కాన్పుకి మొదట్లో గంటల తరబడి పడుతుంది. ఆస్పత్రికి ఫోన్ చేస్తే ఇంకా ఇంట్లోనే ఉండమంటారు, పట్టించుకోలేదని బాధపడకు. గోరువెచ్చని నీళ్ల స్నానం, నడక, పారాసిటమాల్ ఆ దశలో పనికొస్తాయి. కానీ ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా నొప్పుల కోసం చూడకుండా వెంటనే ఫోన్ చెయ్యి.

ఆస్పత్రిలో గ్యాస్ అండ్ ఎయిర్ ఇస్తారు, అంటే పీలిస్తే నొప్పి తగ్గించే వాయువు. గొట్టం నీ చేతిలోనే ఉంటుంది. పనిచేయడానికి 15, 20 సెకన్లు పడుతుంది కాబట్టి నొప్పి మొదలవుతోందనగానే పీల్చాలి. ముదిరాక పీలిస్తే మందు ఎక్కేసరికి నొప్పే దిగిపోతుంది. తల తిరిగితే గొట్టం తీసేయ్, చాలు.

అత్తయ్య గారి మాటలో కొంత నిజముంది. పెథిడిన్ అనే నొప్పి తగ్గించే ఇంజెక్షన్ కాన్పుకి మరీ దగ్గరలో ఇస్తే బిడ్డ మగతగా పుట్టొచ్చు, ఊపిరి మందగించొచ్చు. అందుకే వేళ చూసి ఇస్తారు. వెన్నులో వేసే సూది, అంటే ఎపిడ్యూరల్, వేరు. దానివల్ల జన్మంతా నడుం నొప్పి రాదు. బిడ్డను నెట్టే దశ కాస్త సాగొచ్చు, బిడ్డను బయటికి తీసే పటకారు లాంటి ఫోర్సెప్స్ వాడాల్సి రావచ్చు. మిడ్‌వైఫ్‌లే నడిపే బర్త్ సెంటర్లో ఎపిడ్యూరల్ దొరకదు, లేబర్ వార్డుకే వెళ్లాలి. పెట్టే మత్తు డాక్టర్ ఆపరేషన్లో ఉంటే ఆగాల్సిందే, కాబట్టి కావాలనిపిస్తే ముందే చెప్పు.

ఇంకో జవాబు:

మాది పలాస. అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఇక్కడ మీవారు లోపల నీ పక్కనే ఉండొచ్చు, వరండాలో తిరగక్కర్లేదు. నొప్పి వచ్చినప్పుడల్లా నడుం కింద, వెన్నెముక దిగువన పిడికిలితో గట్టిగా నొక్కమను. నాకు అన్నిటికన్నా అదే హాయినిచ్చింది. ఆ సమయంలో ఇంగ్లీషు రాదేమోనని భయముంటే తెలుగు దుబాసీ కావాలని ఇప్పుడే రాయించు, ఉచితమే. అమ్మ వీసా రాకపోతే ఇక్కడ ఒక్క మాట రాయి. మొదటి వారం పత్యం వంట మేం పంచుకుంటాం.