షెల్టర్‌లో మంచమా, తాళం వేసుకునే గదా? (ఒంటరి నిరాశ్రయుల గురించి)

మూసీగట్టు
నగరంలో షెల్టర్లు ఉన్నాయి. అయినా వాన లేని రాత్రి స్టేషన్ల బయటా, పెద్దాసుపత్రుల గోడల పక్కనా మగవాళ్లు వరసగా పడుకునే ఉంటారు. నా మాట ఇది: షెల్టర్లు పెంచడం ఆపి, ఒక్కో మనిషికి చిన్న గది ఇప్పించండి, వారానికోసారి వచ్చి చూసేవాళ్లను పెట్టండి. 2008 నుంచి ఫిన్లాండ్ ఇదే దారి పట్టింది. నిరాశ్రయులు ఉండే పెద్ద హాస్టళ్లను విడి ఫ్లాట్లుగా మార్చి అద్దె ఒప్పందం ఆ మనిషి పేరునే రాసింది. ముందు మందు మానెయ్, తర్వాత ఇల్లు అనలేదు. అంత దూరం ఎందుకు, చెన్నైలో బాన్యన్ సంస్థ 2015లో మొదలుపెట్టిన ‘హోమ్ అగైన్’ చూడండి. మానసిక ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లను నలుగురైదుగురిగా మామూలు వీధుల్లో అద్దె ఇళ్లలో ఉంచి, తోడుగా సహాయకుల్ని పెడుతోంది.

లెక్కలమాస్టారు
ఫిన్లాండ్‌లో మున్సిపాలిటీలకు, ఫౌండేషన్లకు సొంత ఇళ్లున్నాయండీ. ఇక్కడ టు-లెట్ బోర్డు కిందే ‘ఫ్యామిలీలకు మాత్రమే’ అని ఉంటుంది. ఆధార్ లేని ఒంటరి మగవాడికి ఏ ఓనరు తాళం చెవి ఇస్తాడు?

ఇక డబ్బు. 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లెక్కలో 50 మంది షెల్టర్‌ నడపడానికి ఏడాదికి 6 లక్షలు, అంటే నెలకు 50 వేలు. ఒక మేనేజరు, మూడు షిఫ్టులకు ముగ్గురు కేర్‌టేకర్లు. తలా పది వేలిచ్చినా (అది జీతమా అని అడగకండి) 40 వేలు అక్కడే అయిపోయాయి. మిగతా పది వేలతో కరెంటు, నీళ్ల ట్యాంకరు, ఫినాయిలు, దుప్పట్ల ఉతుకు. మొత్తం కలిపి మనిషికి నెలకు వెయ్యి. వెయ్యి రూపాయలకు గది ఎక్కడుందో చెప్పండి, నేనే వెళ్లి అడ్వాన్స్ ఇచ్చొస్తా.

రాత్రిడ్యూటీ
అవన్నీ తర్వాత. షెల్టర్ గేటు రాత్రి పదింటికే ఎందుకు వేస్తారు?

లెక్కలమాస్టారు
పొద్దున ఆరింటికి అడ్డా మీద నిలబడాల్సినవాళ్లు తొమ్మిదికే పడుకుంటారు కాబట్టి. క్రమశిక్షణ అని ఒకటుంటుంది.

రాత్రిడ్యూటీ
క్రమశిక్షణ కాదు, మనుషులు చాలకపోవడం. మూడు షిఫ్టులకు ముగ్గురంటే వారం సెలవుకు బదులు మనిషి లేడు. ఒకరు రాకపోతే ఇంకొకరు 16 గంటలు చెయ్యాలి. వాడూ మనిషే, పదింటికి గేటు వేసి పడుకుంటాడు. 2010లో సుప్రీంకోర్టు 24 గంటలూ, ఏడాది పొడుగునా తెరిచి ఉండాలంది. ఆచరణలో పగలంతా తాళం, రాత్రి పది దాటితే గేటు మూత అయి కూర్చుంది.

ముహూర్తాల రోజుల్లో క్యాటరింగ్ కుర్రాళ్ల సంగతి చూడండి. చివరి బంతి లేచాక గిన్నెలు కడిగి, డేగిసాలు ట్రాలీకి ఎక్కించేసరికి ఒంటిగంట. వాడికి ఆ మంచం లేనట్టే. నాలుగో కేర్‌టేకరు, గేటుకు బెల్లు, లోపల పేర్ల పుస్తకం, తలుపు పక్క ఐదారు మంచాలు ఆలస్యంగా వచ్చేవాళ్లకు. ఎవరి నిద్రా చెడదు.

విజయవాడ వాణి
మనిషికి 50 చదరపు అడుగులని రాసుకున్నచోట రెండంతస్తుల మంచాలు వేసి రెట్టింపు మందిని కుక్కుతున్నారు. అరవై దాటినవాళ్లు పై మంచం ఎక్కలేరు. చెక్క మంచం, పీచు పరుపు అయితే నెలలో నల్లులు. ఇనప మంచం, రెక్సిన్ తొడుగు, గోడకు జానెడు దూరం. దగ్గు రెండు వారాలు దాటితే టీబీకి కళ్లె పరీక్ష. ఇవి చేయకుండా గది, గేటు అంటూ కొట్టుకుంటున్నారు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ
మా గేటు ఎదురుగానే పెట్టారు ఒకటి. సాయంత్రమయ్యేసరికి మెట్ల మీద పదిమంది, బీడీలు, పోట్లాటలు. ఆస్తి పన్ను కట్టేది మేము. మమ్మల్ని అడిగినవాళ్లు లేరు.

మూసీగట్టు
పగలు తాళం వేసిన షెల్టర్ మెట్ల మీద కాక ఇంకెక్కడ కూర్చుంటారు సార్? 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సుకు ముందు భిక్షగాళ్లను వ్యాన్లలో ఎక్కించి చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తోలారు. అది చూసినవాడు షెల్టర్ వ్యాను వచ్చినా సందులోకి పరిగెడతాడు.

పథకాలూ చూడండి. ఇళ్ల పట్టా ఇల్లాలి పేరున, డబుల్ బెడ్‌రూమ్ ఇల్లాలి పేరున. తెలంగాణలో ఒంటరి మహిళకు పింఛను ఉంది, ఉండాల్సిందే. 45 ఏళ్ల ఒంటరి మగవాడికి ఏ వరసలో నిలబడాలో తెలీదు.

లెక్కలమాస్టారు
ఆ వరసలో నిలబెట్టేది షెల్టరేనండీ. గుర్తింపు ఉన్న షెల్టర్ బాధ్యుడు ఆధార్ సంస్థ నమూనాలో ఫొటో అంటించి, సంతకం చేసి ధ్రువపత్రం ఇస్తే నమోదుకు చెల్లుతుంది. మూడు నెలల్లో వాడాలి. దాటితే మళ్లీ కొత్తది. ఓటుకు ఫారం 6లో పడుకునే చోటే చిరునామా. బూత్ స్థాయి అధికారి ఒకటికి రెండు రాత్రులు వచ్చి మనిషి అక్కడే ఉన్నాడో లేదో చూస్తాడు, వేరే కాగితం అక్కర్లేదు. ఆ రాత్రి మనవాడు ఇంకో ఫుట్‌పాత్‌కు మారితే పని పోయినట్టే. ఎక్కడో గదిలో పెట్టి వదిలేస్తే ఇదంతా ఎవరు చూస్తారు?

మూసీగట్టు
వదిలేయమని ఎవరన్నారు? వారం వారం మనిషి రావాలని మొదటి పోస్టులోనే రాశాను. చదవండి.

రాత్రిడ్యూటీ
గేటు సంగతికి జవాబు రాలేదు.

లెక్కలమాస్టారు
సరే, అడుగుతున్నా. ఒంటిగంటకు తాగి తూలుతూ వచ్చినవాడికీ తెరవాలా?

రాత్రిడ్యూటీ
తెరవాలి.

లెక్కలమాస్టారు
అదిగో, ఇప్పుడు బయటపడింది! ఇంతసేపూ క్యాటరింగ్ కుర్రాడిని అడ్డం పెట్టుకుని మాట్లాడారు.

మూసీగట్టు
తాగినవాడికి గేటు తెరవకపోవడమంటే ‘మానేసి రా’ అనడమే. అది ఎంత ప్రమాదమో తెలిసే అంటున్నారా? రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో మూడో రోజు మతి తప్పి, లేనివి కనబడి, ఒళ్లు కాలిపోయి ప్రాణం మీదికి రావచ్చు. కల్తీ కల్లుకు అలవాటుపడ్డవాళ్లదీ అదే గతి, అందులో కలిసేది ఆల్ప్రజోలం, డయాజెపం లాంటి మత్తుమందులు. వీళ్లకు గేటు బయట నిలబెట్టడం వైద్యం కాదు. ఎర్రగడ్డకో గాంధీకో పంపి, బి1 ఇంజెక్షన్, తగ్గించుకుంటూ పోయే మాత్రలు ఇప్పించాలి. తిరిగొచ్చాక పడుకోవడానికి ఒక చోటుండాలి.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ
మా వాచ్‌మన్ భార్యాపిల్లలతో సెల్లార్‌లో పదడుగుల గదిలో ఉంటున్నాడు. చుక్క ముట్టడు. తాగుబోతుకేమో నా పన్నుతో విడి గది. బాగుంది.

మూసీగట్టు
ఇదీ అసలు గొడవ. మీకు గేటూ కాదు, మెట్లూ కాదు, ఎవడికి అర్హత ఉందన్నదే మీ బాధ. వాచ్‌మన్‌కు పదడుగుల గది ఇచ్చింది ఏ సర్కారు? మీ అసోసియేషనే కదా.

లెక్కలమాస్టారు
ఆయనను వదిలేయండి. నాది అర్హత గొడవ కాదు. హాల్లో యాభై మంది ఉంటే ఒకడు అరిస్తే మిగతా 49 మంది లేస్తారు. మర్నాడు అడ్డా మీద ఆ కళ్లు చూసి మేస్త్రీ పిలవడు. వాళ్ల కూలి ఎవరిస్తారు?

మూసీగట్టు
అందుకే హాలు వద్దంటున్నా!

లెక్కలమాస్టారు
వెయ్యి రూపాయలు.

రాత్రిడ్యూటీ
మాస్టారూ, గది సంగతి వాళ్లు తేల్చుకుంటారు. నాలుగో కేర్‌టేకరుకు ఎంతవుతుందో చెప్పండి చాలు.

లెక్కలమాస్టారు
పది వేలు. ట్యాంకరుకూ ఫినాయిలుకూ మిగిలిందే ఆ పది వేలు.

విజయవాడ వాణి
అయితే నల్లులు ఖాయం.