నాలుగో సెగగడ్డ: తొడ మీద గడ్డకు ముక్కులో మందా?

నిమ్మతోట: మార్చి నుంచి మా అబ్బాయికి ఇది నాలుగో సెగగడ్డ. చీము కల్చర్‌కు పంపితే, ల్యాబులో క్రిమిని పెంచి చూసి స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా అన్నారు. ముక్కులో ముపిరోసిన్ అనే యాంటీబయాటిక్ పూతమందు రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు రాయమన్నారు. గడ్డ ఉన్నది తొడ మీద! ఇంటిల్లిపాదీ రాసుకోవాలా? తువ్వాళ్ళు ఉడకబెట్టాలా?

కాలవగట్టు: ముందు మామిడిపండ్లు ఆపండి. మా ఇంట్లో రసాల బుట్ట దిగిందంటే వారంలో ఎవరికో ఒకరికి గడ్డ లేస్తుంది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తే తెల్లారేసరికి పగులుతుంది.

పాతల్యాబు: ముప్పయ్యేళ్ళు చీము కల్చర్లు చూసినవాణ్ణి. ఒక్క ప్లేటులోనూ మామిడి టెంక మొలవలేదు. పదిమందిలో ముగ్గురి ముక్కుల్లో ఈ క్రిమి ఊరికే కాపురం ఉంటుంది. ముక్కు నలిపిన చేత్తోనే తొడ గోక్కుంటాం. అందుకే ఆ మందు.

కాలవగట్టు: అయితే గడ్డలన్నీ వేసవిలోనే ఎందుకు లేస్తాయి సార్?

పాతల్యాబు: చెమటకాయలు గోకడం వల్ల. కరెంటు కోతలూ వేసవిలోనే ఎక్కువ, వాటినీ తినడం మానేయండి.

కాలవగట్టు: పెద్దల అనుభవాన్ని వెక్కిరించడానికేనా ముప్పయ్యేళ్ళ చదువు?

మేనకోడలు: ఆ సున్నం పట్టు మాట ఎత్తకండి. మా మేనత్తకు షుగరు. వీపు మీద గడ్డకు అదే వేశారు. చర్మం కాలింది, గడ్డ రాచకురుపై నాలుగు చోట్ల నోళ్ళు తెరిచింది. ఆస్పత్రిలో పదిహేడు రోజులు నేనే ఉన్నాను.

కాలవగట్టు: మా తాతగారికి ఏమీ కాలేదు.

మేనకోడలు: మీ తాతగారికి షుగరు ఉందా?

ఉయ్యాల: మా పాపకు మూడో వారంలో బొడ్డు దగ్గర కొంచెం చీము పట్టింది. రెండు రోజుల్లో ఒళ్ళంతా ఎర్రబడి, ముట్టుకుంటే చర్మం పొరలా ఊడివచ్చింది. వేడినీళ్ళు పోశానని అత్తగారు నన్నే అనుమానించారు. క్రిమి ఉన్నది బొడ్డు దగ్గరే, దాని విషం నెత్తురులో కలిసి ఒళ్ళంతా పాకిందని పిల్లల డాక్టరు చెప్పారు. పాపకు మచ్చ కూడా మిగలలేదు. అత్తగారన్న ఆ మాట మాత్రం నేను మరిచిపోలేదు.

మూడోపంక్తి: విషమంటే గుర్తొచ్చింది. మా అన్న పెళ్ళిలో పన్నెండింటికి కోవా తిన్నవాళ్ళు మూడింటికల్లా వాంతులు. వంటమనిషి వేలికి చీముగడ్డ, పైన గుడ్డపీలిక. పాలు బాగా మరిగించానని ఒకటే వాదన.

పాతల్యాబు: పాలు మరిగాక కదా ఆ వేలితో కోవా ఉండలు చుట్టింది! చుట్టి ఎండవేళ బయట ఉంచితే విషం ఊరుతుంది. మళ్ళీ మరిగిస్తే క్రిమి చస్తుంది, విషం చావదు. దానికి యాంటీబయాటిక్ కూడా దండగ.

గాడిపొయ్యి: ప్రతిదానికీ వంటవాళ్ళేనా? రాత్రి మిగిలిన కోవా డబ్బాల్లో కట్టించుకుని, పొద్దున తిని మా మీద పడేవాళ్ళను ఎందరినో చూశాను.

మూడోపంక్తి: మేము తిన్నది పంక్తిలోనే అండీ!

నిమ్మతోట: తువ్వాళ్ళ సంగతి?

మేనకోడలు: ఎవరి తువ్వాలు వాళ్ళకే. వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. రేజరు కూడా పంచుకోవద్దు. ఇంకెవరికైనా గడ్డలు లేస్తుంటే ముక్కు మందు వాళ్ళకూ కావాలేమో డాక్టరునే అడగండి.

కాలవగట్టు: బంగినపల్లి అయితే అంత వేడి చేయదు, అది చెప్పడం మరిచాను.